రాత్రి తొమ్మిదికి నెట్ ఎక్కడికి పోతుంది?

పగలు ఒకరిద్దరు వాడుతున్నంతసేపు నిక్షేపంగా నడిచి, రాత్రి తొమ్మిది కాగానే, ఇల్లంతా లేదా హాస్టల్ అంతా ఒక్కసారిగా ఫోన్లు చేతబట్టిన క్షణాన చతికిలబడే వైఫై విషయంలో, పరికరం కంటే ముందు పంపకాన్ని అనుమానించాలి. చెడిపోయిన పరికరం చాలావరకు పగలూ రాత్రీ ఒకే తీరుగా చెడి ఉంటుంది గాని మనుషులను లెక్కపెట్టుకుని చెడదు. పదిహేనుమంది చేరినప్పుడే తడబడే వ్యవస్థలో సాధారణంగా ప్రతి భాగమూ తన పని తాను చేస్తూనే ఉంటుంది, వాటి మధ్య వంతులు కుదరకపోవడమే అక్కడి తెగులు. అయినా ఆ వేళ అందరి నోటా వచ్చే మాట ‘నెట్ పోయింది’ అన్నదొక్కటే, వెంటనే చేసే పని రౌటర్‌ను ఆపి ఆన్ చేయడం ఒక్కటే, నెల తిరిగాక తీసుకునే నిర్ణయం అంతకంటే పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టడం ఒక్కటే. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300కు పెంచిన తరువాత కూడా తొమ్మిదింటి పరిస్థితి మారలేదంటే, ఇరుకు ఒక చోట ఉండగా వెడల్పు మరొక చోట కొన్నారని అర్థం.

‘నెట్ పోయింది’ అనే రెండు మాటల కింద కనీసం ఐదు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. సిగ్నల్ గీతలు నిండుగా ఉండి పేజీ తెరుచుకోకపోవడం ఒకటి. పాటలు వస్తూనే వీడియో కాల్‌లో మాట ముక్కలు కావడం మరొకటి. అప్పటికే చేరిన ఫోన్లు బాగానే నడుస్తుండగా కొత్తగా వచ్చిన ఫోన్‌కు ప్రవేశం దొరకకపోవడం ఇంకొకటి. రౌటర్ దీపాలన్నీ ఆరి తిరిగి వెలగడం, ఫైబర్ పెట్టె మీద ఎర్రలైటు పడటం అన్నవి చివరి రెండు. చివరిదాన్ని ఇంట్లోవారు ఏమీ చేయలేరు, ఫిర్యాదు చేసి లైన్ మనిషి కోసం ఎదురుచూడవలసిందే. మిగిలిన నాలుగింటికీ కారణాలు వేరు, చికిత్సలు వేరు, ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

ఈ కారణాలను విడదీయాలంటే సమాచారం నడిచే దారి తెలియాలి. ఇంటర్నెట్ సమాచారం ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది, ఒక్కో ప్యాకెట్ సాధారణంగా 1500 బైట్లకు మించదు. ఫోన్ నుంచి బయలుదేరిన ప్యాకెట్ ముందు గాలిని దాటి రౌటర్‌ను, అంటే ఇంటిలోని పరికరాలన్నిటి ప్యాకెట్లనూ ఒకే బయటి లైనులోకి మళ్లించే పెట్టెను చేరాలి. అక్కడి నుంచి విద్యుత్ సంకేతాన్ని కాంతిగా మార్చే ఫైబర్ పెట్టెకు, జనం మోడెమ్ అని పిలిచే దానికి, చేరాలి. ఆపైన వీధిలోని గాజు తీగ మీదుగా సర్వీసు ప్రొవైడర్ కేంద్రానికి పోవాలి. ఈ రోజుల్లో రౌటరూ ఫైబర్ పెట్టే తరచు ఒకే డబ్బాలో కలిసి వస్తున్నందున రెంటి పనులూ ఒకటేననే భ్రమ కలుగుతుంది గాని, తెగులు వెతికేటప్పుడు వాటిని మనసులోనైనా విడిగా ఉంచుకోవాలి.

వీధిలోని గాజు తీగ కూడా ఉమ్మడిదే. జీపాన్ అనే పద్ధతిలో వేసే ఫైబర్‌లో ఒక్క తీగ మీద దిగువకు సెకనుకు 2.488 గిగాబిట్లు, ఎగువకు 1.244 గిగాబిట్లు పోగలవు, వాటిని 32 లేదా 64 ఇళ్లు పంచుకోవడం పరిపాటి. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు తీసుకుపోయిన తీగల మీదా ఈ విధమైన పంపకమే జరుగుతుంది. అయితే అక్కడ ఒక పెద్దమనిషి ఉన్నాడు: ప్రొవైడర్ కేంద్రంలోని యంత్రం ప్రతి ఇంటి పెట్టెకూ ‘నీవు ఫలానా క్షణం నుంచి ఫలానా క్షణం వరకు పంపవచ్చు’ అని కాలాన్ని కొలిచి ఇస్తుంది, ఆ వంతు రాకుండా ఏ ఇంటి పెట్టే కాంతిని వెలిగించదు. తెలంగాణ పల్లెల్లో చెరువు నీటిని మడి మడికీ వంతు చూసి వదిలే నీరటి చేసే పనే ఇది. ఇంటిలోపలి గాలిలో మాత్రం, వైఫై పుట్టినప్పటి రూపంలో, అటువంటి నీరటి ఎవరూ లేరు.

పెద్దమనిషి లేని పంక్తి

గాలిలో పంపకం ఎంత కష్టమో మొదట లెక్కకట్టిన చోటు హవాయి. దీవుల మధ్య టెలిఫోన్ తీగలను నమ్ముకోలేక, 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం కంప్యూటర్లను రేడియోతో కలిపే అలోహానెట్‌ను నడిపింది. దాని నియమం సాహసమనిపించేంత సులువైనది: చెప్పవలసింది ఉన్నవాడు వెంటనే చెప్పేయాలి, ఇద్దరి మాటలు కలగాపులగమై జవాబు రాకపోతే కాసేపు ఆగి మళ్లీ చెప్పాలి. ఆ ఆగడం ఎవరికి వారు చీటీ తీసినట్లు వేర్వేరుగా ఉండాలి, లేకపోతే ఆ ఇద్దరే మళ్లీ ఢీకొంటారు. ఈ పద్ధతిలో గాలి సామర్థ్యంలో గరిష్ఠంగా 18.4 శాతమే ఉపయోగపడుతుందని గణితం తేల్చింది. అంతకంటె ముఖ్యమైనది ఆ గణితం చూపిన వంపు: ఒక హద్దు దాటాక మాట్లాడాలనుకునేవారు పెరిగేకొద్దీ చేరే మాటలు తగ్గిపోతాయి. రాత్రి తొమ్మిదింటి వైఫై నెమ్మదిగా కుంటుపడక ఒక్కసారిగా కూలినట్లు కనిపించడానికి ఆ వంపులోనే వివరణ ఉంది.

1997లో ఐఈఈఈ సంస్థ వెలువరించిన 802.11 ప్రమాణం, అంటే నేటి వైఫైకి పునాది, ఈ సాహసానికి మర్యాద నేర్పింది. పంపదలచిన పరికరం ముందు గాలిని ఆలకించాలి. ఎవరూ మాట్లాడటం లేదని రూఢి అయ్యాక కూడా ఒక అంకెను యాదృచ్ఛికంగా ఎంచుకుని, అంత లెక్క పూర్తయ్యేదాకా ఆగాలి. పంపిన ప్రతి ప్యాకెట్‌కూ అవతలివైపు నుంచి ముట్టినట్లు చిన్న రసీదు రావాలి. నేటి పరికరాల్లో సాధారణ సమాచారానికి ఆ అంకెను మొదట 0 నుంచి 15 లోపల ఎంచుకుంటారు, రసీదు రాకపోతే ఆ పరిధి రెట్టింపవుతూ 1023 దాకా పోతుంది. పదహారు అంకెల్లోంచి ముప్పై ఫోన్లు ఒకే వేళ ఒక్కొక్క అంకె తీసుకుంటే కొందరికి ఒకే అంకె రావడం అనివార్యమని చెప్పడానికి పెద్ద లెక్క అక్కరలేదు. ఢీకొన్నవారు పరిధి పెంచుకుని ఇంకా ఎక్కువ ఆగుతారు, ఆ ఆగిన కాలమంతా గాలి ఖాళీగానే ఉన్నా ఎవరికీ ఉపయోగపడదు.

ఇంతకు మించిన చిక్కు వేగంలో ఉంది. రౌటర్‌కు దగ్గరలో ఉన్న ఫోన్ వడివడిగా మాట్లాడుతుంది, రెండు గోడల అవతల ఉన్నది తప్పు లేకుండా వినిపించడానికి నిదానంగా మాట్లాడుతుంది. 1500 బైట్ల ప్యాకెట్‌లోని 12,000 బిట్లను 54 ఎంబీపీఎస్ వేగంతో పంపడానికి పావు మిల్లీసెకను కూడా పట్టదు, అదే ప్యాకెట్‌ను 1 ఎంబీపీఎస్‌తో పంపడానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. వైఫై ఇచ్చే వంతు ప్యాకెట్ లెక్కనే గాని కాలం లెక్కన కాదు గనుక, మూలగదిలోని పాత ఫోన్ ఒక్కసారి నోరు తెరిస్తే మిగిలినవారంతా యాభై ప్యాకెట్ల కాలం చేతులు ముడుచుకుని కూర్చోవలసి వస్తుంది. పెళ్లి భోజనాల్లో బంతిలో కూర్చున్నవారిలో ఒక్కరు నిదానంగా తింటున్నా ఆ బంతి లేవదు, వెనక నిలబడ్డ రెండో బంతికి ఆకులు పడవు. 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు దీనిని గణితంతో నిరూపించి, ఒక్క నిదానపు పరికరం చేరినా అందరి వేగమూ దాదాపు దాని స్థాయికే దిగజారుతుందని చూపారు. పరికరాలకు ప్యాకెట్ల లెక్కన కాక కాలం లెక్కన వంతు ఇచ్చే ఏర్పాటు ఆ తరువాతి రౌటర్లలో వచ్చింది. కొన్నిటి సెట్టింగుల్లో అది ‘ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్’ అనే పేరుతో కనిపిస్తుంది.

దీనికి తోడు పరికరాల అపార్థం ఒకటి ఉంది. రసీదు రాకపోతే ప్యాకెట్ ఢీకొన్నదో, సిగ్నల్ బలహీనమై పోయిందో ఫోన్‌కు తెలిసే దారి తక్కువ. బలహీనమే అనుకుని అది వేగం తగ్గించుకుంటుంది, వేగం తగ్గితే ఒక్కో ప్యాకెట్ గాలిలో నిలిచే కాలం పెరుగుతుంది, కాలం పెరిగితే ఢీకొనే అవకాశమూ పెరుగుతుంది. కింది అంతస్తులోని ఫోనూ మూడో అంతస్తులోని ఫోనూ రెండూ రౌటర్‌కు వినిపిస్తూ, ఒకదానికొకటి మాత్రం వినిపించకపోతే, ఆలకించి మాట్లాడే మర్యాద కూడా పనికిరాదు. ఎవరికి వారు గాలి ఖాళీగా ఉందనుకుని ఒకేసారి మొదలుపెడతారు. నిలువుగా పెరిగిన హాస్టళ్లలో ఒక్క రౌటర్‌ను మధ్య అంతస్తులో పెట్టి సరిపుచ్చే ఏర్పాటుకు ఇది పుట్టుకతో వచ్చిన లోపం.

పక్కింటి వైఫై కూడా ఇదే పంక్తిలో కూర్చుంటుంది. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005 జనవరిలో వచ్చింది. ఆ బ్యాండ్‌లో ఛానళ్లు, అంటే తరంగాల వీధులు, 13 ఉన్నట్లు రౌటర్ చూపినా, ఒక్కో వీధి 5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉండగా ఒక్కో వాహనం వెడల్పు 20 మెగాహెర్ట్జ్ కావడంతో, ఒకదానిమీద మరొకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడే. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి, బ్లూటూత్ కూడా ఈ బ్యాండ్‌లోనివే. 1కీ 6కీ మధ్య 3 లేదా 4ను ఎంచుకుని తెలివిగా తప్పించుకున్నామనుకునేవారు నిజానికి రెండు వైపుల గొడవనూ నెత్తినెత్తుకుంటున్నారు. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాన్నొకటి విని వంతు పాటిస్తాయి, సగం అతివ్యాపించినవి ఒకదానికొకటి అర్థం లేని రొదగానే మిగులుతాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో వెడల్పైన వీధులు చాలా ఉన్నాయి, 2018 అక్టోబరు నిబంధనలతో మన దేశంలో అవి మరింత విస్తరించాయి; అయితే ఆ తరంగాలు గోడలను దాటడంలో నీరసపడతాయి. అపార్టుమెంటులో ఉన్నవారికి నిజానికి ఆ నీరసమే వరం, ఎందుకంటే పక్కింటి రొదకూ అదే గోడ అడ్డుపడుతుంది.

గాలి నిండిపోతే ఎంతటివారి పరికరమైనా నిస్సహాయమేననడానికి జగమెరిగిన సాక్ష్యం 2010 జూన్ 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో దొరికింది. ఐఫోన్ 4ను వేదిక మీద ఆవిష్కరిస్తుండగా స్టీవ్ జాబ్స్ చేతిలో పేజీ తెరుచుకోలేదు. సభలో కూర్చున్నవారు తమ వెంట తెచ్చుకున్న చిన్న పెట్టెలతో సహా 570 వైఫై కేంద్రాలు అదే గదిలో పనిచేస్తున్నాయని తేలి, వాటిని కట్టేయవలసిందిగా సభికులను ఆయన కోరవలసి వచ్చింది.

క్యూలో చిక్కిన మాట

గాలిని నిందించి ఊరుకుంటే సగం కథే తెలుస్తుంది. సిగ్నల్ బాగుండి, గాలి ఖాళీగా ఉండి, ప్లాన్ వేగం పరీక్షలో పూర్తిగా వచ్చి కూడా, ఎవరో ఒకరు ఫోటోలన్నిటినీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నంతసేపు మిగిలినవారికి ఏమీ తెరుచుకోకపోవడం మరొక జబ్బు. దీని మూలం రౌటర్‌లోని బఫర్ అనే జ్ఞాపకపు తొట్టి. బయటి లైను ఇరుకైనప్పుడు ప్యాకెట్లు కాసేపు నిలిచే క్యూ అది. చూడగా తొట్టి ఎంత పెద్దదైతే అంత మంచిదనిపిస్తుంది, తయారీదారులూ అలాగే అనుకున్నారు, మెమరీ చవకయ్యేకొద్దీ దానిని పెంచుతూ పోయారు.

అది ఎందుకు పొరపాటో తెలియడానికి 1986 అక్టోబరుకు వెళ్లాలి. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య నాలుగు వందల గజాల దూరానికి వేసిన లైను మీద వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. లైను తెగలేదు, యంత్రాలు ఆగలేదు. ప్యాకెట్ పోయిందనుకున్న ప్రతి కంప్యూటరూ దాన్నే మళ్లీ మళ్లీ పంపడంతో దారి అంతా ప్రతులతో నిండిపోయింది. దానిని శోధించిన వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం నేటికీ ప్రతి ఫోన్‌లోనూ ఏదో రూపంలో పనిచేస్తోంది: వేగాన్ని క్రమంగా పెంచుకుంటూ పోవాలి, ఒక ప్యాకెట్ పోగానే దారి నిండిందని గ్రహించి వేగాన్ని చటుక్కున తగ్గించుకోవాలి. అంటే ప్యాకెట్ పోవడమే ఇంటర్నెట్‌కు ట్రాఫిక్ పోలీసు ఈల. పెద్ద తొట్టి ఆ ఈలను మింగేస్తుంది. ప్యాకెట్లు పోకుండా పేరుకుంటూ ఉంటే పంపేవాడికి దారి నిండిన సంగతి తెలియదు, తెలియక ఇంకా వేగం పెంచుతాడు.

లెక్క వేస్తే సంగతి స్పష్టమవుతుంది. 256 కిలోబైట్ల తొట్టి నిండి, ఎగువకు పోయే దారి 1 ఎంబీపీఎస్ అయితే, చివర చేరిన ప్యాకెట్‌కు వంతు రావడానికి రెండు సెకన్ల పైన పడుతుంది. ఫోటోలు ఎక్కించేవారికి ఈ రెండు సెకన్లు పట్టవు. వీడియో కాల్‌లో ఉన్నవారికి అది మాట తెగిపోవడమే. వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ అనే ప్రశ్న కూడా అదే క్యూలో చిక్కి, దానికి జవాబు గడువులోపల రాకపోతే ఫోన్ ‘ఇంటర్నెట్ లేదు’ అని ప్రకటించి వైఫైని వదిలి మొబైల్ డేటాకు పోతుంది. క్యూలో ఆలస్యం కనెక్షన్ తెగడంగా వేషం మార్చుకునేది ఇక్కడే. దిగువకు వస్తున్న వీడియోకు పంపవలసిన రసీదులు కూడా ఎగువ క్యూలోనే నిలబడతాయి కనుక, అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. దిగువ వేగం కోసమే ప్లాన్ పెంచినవారికి ఈ ముడి తెలియదు.

2010లో తన ఇంటి కనెక్షన్‌లోని ఆలస్యాన్ని వెంటాడుతూ పోయిన జిమ్ గెట్టిస్ ఈ జబ్బుకు ‘బఫర్‌బ్లోట్’, తొట్టి ఉబ్బు, అని పేరుపెట్టారు. 2012లో కేథలీన్ నికల్స్, అదే వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతిని వెలువరించారు. తొట్టి ఎంత నిండిందన్నది దానికి అక్కరలేదు, ప్యాకెట్లు అందులో ఎంతసేపు నిలిచాయన్నదే చూస్తుంది. ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు మించి కొంతకాలం అలాగే కొనసాగితే ఒక ప్యాకెట్‌ను కావాలనే పారవేసి ఈల వేస్తుంది. ప్రతి సంభాషణకూ విడి క్యూ కట్టి వంతుల ప్రకారం వదిలే ఏర్పాటును దీనికి జోడించిన ఎఫ్‌క్యూ-కోడెల్‌కు 2018లో వివరణపత్రం వెలువడింది. రౌటర్ సెట్టింగుల్లో ‘ఎస్‌క్యూఎం’ అనే పేరుగాని, కొన్నిటిలో ‘క్యూఓఎస్’ అనే పేరుగాని కనిపిస్తే తెరిచి చూడదగ్గది అదే. దానిలో లైను అసలు వేగం కంటే పది పదిహేను శాతం తక్కువ అంకె వేయాలి. అప్పుడే క్యూ ప్రొవైడర్ యంత్రంలోనో ఫైబర్ పెట్టెలోనో పేరుకోక, వంతు చూడటం తెలిసిన రౌటర్ చేతికి వస్తుంది. వేగాన్ని కొంత వదులుకుని నెమ్మదిని కొనుక్కోవడం వినడానికి వింతగా ఉన్నా, ఉమ్మడి కనెక్షన్‌కు ఉన్న మందుల్లో ఇంత చవకైనది మరొకటి లేదు.

పెట్టె లోపల

రౌటర్ తనంతట తాను తడబడే సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటిది చిరునామాల కొరత. చేరిన ప్రతి పరికరానికీ రౌటర్ ఒక ఐపీ చిరునామాను అద్దెకిస్తుంది. ఈ పంపిణీని డీహెచ్‌సీపీ అంటారు. అద్దెకివ్వదగిన చిరునామాలు 50 మాత్రమే ఉండేలా అమర్చిన రౌటర్‌లో, అద్దె గడువు ఇరవైనాలుగు గంటలైతే, వచ్చి వెళ్లిన అతిథుల ఫోన్లు కూడా ఆ రోజంతా చోటు పట్టుకునే ఉంటాయి. కొన్ని ఫోన్లు గోప్యత కోసం తమ గుర్తింపు సంఖ్యను మార్చుకోవడంతో ఒకే ఫోన్‌కు రెండు మూడు అద్దెలు పడటమూ కద్దు. కొత్తగా వచ్చినవారి ఫోన్ ‘ఐపీ చిరునామా పొందుతోంది’ అన్న మాట దగ్గరే నిలిచిపోతే, లేదా విండోస్ కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, ఇదేనని నిశ్చయించుకోవచ్చు. చిరునామాల పరిధిని పెంచి గడువును రెండు మూడు గంటలకు తగ్గిస్తే సరిపోతుంది.

రెండోది నాట్ పట్టిక. ఇంటిలోని పరికరాలన్నిటికీ బయట ఒకే చిరునామా ఉండటం వల్ల, ఏ జవాబు ఎవరిదో రౌటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. టారెంట్ వంటి ప్రోగ్రాం ఒక్కటే వందల సంబంధాలు తెరవగలదు. చవకరకం రౌటర్‌లో పట్టిక నిండితే పాత సంభాషణలు సాగుతూనే ఉంటాయి, కొత్త పేజీ ఒక్కటీ తెరుచుకోదు. రౌటర్‌ను ఆపి ఆన్ చేయడం మంత్రంలా పనిచేయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: పట్టిక ఖాళీ అవుతుంది, క్యూ ఖాళీ అవుతుంది, ఛానల్ మారవచ్చు, పెట్టె కాస్త చల్లబడుతుంది. నాలుగు జబ్బులకూ ఒకే ఉపశమనం దొరకడంతో అసలు జబ్బు ఏదో తెలిపే ఆనవాళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

ఇక వేడి. అందంగా కనిపించదని రౌటర్‌ను చెక్క అల్మరాలో, టీవీ వెనక, సెట్‌టాప్ బాక్సు నెత్తిన పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. వైశాఖ మాసపు ఎండల్లో ఆ మూలలో ఉష్ణోగ్రత ఎంతో ఊహించుకోవచ్చు. అడాప్టర్ లోపలి కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ మెకానిక్కులు నమ్మే స్థూల సూత్రం. అలసిన అడాప్టర్ తక్కువ పని ఉన్నప్పుడు సరైన వోల్టేజీ ఇస్తూ, పదిమంది చేరి రౌటర్ ఎక్కువ కరెంటు లాగగానే కుంగిపోతుంది, దీపాలు ఆరి వెలుగుతాయి. రద్దీ వేళ రౌటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే, కొత్త రౌటర్ కొనేముందు అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్ ఉన్న అడాప్టర్‌ను మార్చి చూడాలి.

తొమ్మిదింటి పరీక్ష

ఇన్ని అనుమానితుల్లో దోషిని పట్టడానికి కావలసిన సాధనం 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ రాసిన పింగ్ అనే చిన్న ప్రోగ్రాం. జలాంతర్గాములను వెతికే సోనార్ శబ్దాన్ని బట్టి దానికా పేరు వచ్చింది: ఒక ప్యాకెట్ పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపుతుంది. ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది, ఫోన్‌కు ఉచిత యాప్‌గా దొరుకుతుంది. షరతు ఒక్కటే: పరీక్ష జబ్బు ఉన్న వేళ జరగాలి. మధ్యాహ్నం వచ్చిన లైన్ మనిషి స్పీడ్ టెస్టు చేసి ‘మా వైపు అంతా బాగానే ఉందండీ’ అని వెళ్లడంలో అబద్ధమేమీ లేదు, మధ్యాహ్నం అంతా బాగానే ఉంటుంది.

రద్దీ వేళ ఒక పక్క రౌటర్ చిరునామాకు, అది సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది, మరో పక్క బయటి ప్రపంచంలోని 8.8.8.8 అనే చిరునామాకు ఏకకాలంలో పింగ్ నడపాలి. నాలుగడుగుల దూరంలోని రౌటర్ నుంచే జవాబు వందల మిల్లీసెకన్లు పడుతుంటే, లేదా మధ్యలో రాకుండా పోతుంటే, దోషం గాలిలో ఉంది, ప్రొవైడర్‌తో తగువు పెట్టుకోవడం వృథా. రౌటర్ రెండు మూడు మిల్లీసెకన్లలో పలుకుతూ బయటి జవాబు మాత్రం ఎవరైనా అప్‌లోడ్ మొదలుపెట్టగానే 20 నుంచి 900కు ఎగబాకితే అది తొట్టి ఉబ్బు. రెండు పింగులూ ప్రశాంతంగా ఉండి పేజీలు తెరుచుకోకపోతే పట్టికనో డీఎన్‌ఎస్‌నో చూడాలి. ఆ తరువాత ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో నేరుగా రౌటర్‌కు తగిలించి, వైఫైని కట్టేసి, అదే పరీక్షను తిరిగి చేయాలి. తీగ మీద కూడా బయటి జవాబులు ఏ అప్‌లోడూ లేకుండానే రాలిపోతుంటే అప్పుడు ప్రొవైడర్‌ను పిలవాలి, ఆ అంకెలను తేదీ, సమయంతో రాసి ఉంచుకున్నవారి ఫిర్యాదుకు ‘రీస్టార్ట్ చేశారా’ అన్న ప్రశ్నతో ముగింపు పలకడం కష్టం.

సిగ్నల్ గీతలను ఈ విచారణలో సాక్షులుగా పిలవకపోవడం మంచిది. అవి రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి గాని, ఎంతమంది ఆ గొంతు కోసం ఎదురుచూస్తున్నారో చెప్పవు.

మెట్ల మీదుగా ఒక తీగ

దోషం గాలిలో ఉందని తేలిన హాస్టల్ యజమాని మొదట కొనేది రిపీటర్. మధ్య గదిలో పెడితే చివరి గదికి గీతలు నిండుగా వస్తాయి, అందరూ సంతోషిస్తారు, తొమ్మిదింటికి పరిస్థితి మునుపటికంటే అధ్వాన్నమవుతుంది. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న ప్రతి మాటనూ అదే ఛానల్‌లో మళ్లీ చెప్పాలి గనుక ప్రతి ప్యాకెట్ గాలిని రెండుసార్లు ఆక్రమిస్తుంది. నిండిన గదిలో ఒక ప్రతిధ్వనిని కొని తెచ్చుకోవడం వంటిది అది. పనిచేసే మార్గం పాతది, కష్టమైనది: ప్రతి అంతస్తుకూ తీగ లాగి, తీగ చివర ఒక్కో యాక్సెస్ పాయింట్, అంటే వైఫై పని మాత్రమే చేసే చిన్న పెట్టె, బిగించడం. పక్కపక్క అంతస్తులకు 1, 6, 11 ఛానళ్లను వంతుగా ఇచ్చి, 5 గిగాహెర్ట్జ్‌లో విడివిడి ఛానళ్లు వేసి, ప్రసార శక్తిని గరిష్ఠం నుంచి తగ్గిస్తే, ఎవరి అంతస్తులో వారి బంతి విడిగా కూర్చుంటుంది. శక్తి తగ్గించమనే సలహాకు చాలామంది ఒప్పుకోరు. అయితే ఫోన్ గొంతు ఎప్పుడూ చిన్నదే గనుక, దానికి అందనంత దూరం నుంచి అరిచే రౌటర్ వల్ల ఫోన్‌కు ఆశ తప్ప మరేమీ అందదు.

ల్యాన్ తీగ 100 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది, కరెంటును కూడా అదే తీగలో పంపే పీఓఈ పద్ధతి 2003 నుంచీ ప్రమాణంగా ఉంది కనుక పై అంతస్తులో పెట్టెకు ప్లగ్గు పాయింటు వెతుక్కోనక్కరలేదు. రెండు భవనాల మధ్య మాత్రం రాగి తీగ ఆరుబయట వేలాడదీయకూడదు. తొలకరి ఉరుముల వేళ దాని మీదుగా వచ్చిన విద్యుత్తు రెండు వైపులా పెట్టెలను కాల్చిపోతుంది, అక్కడ ఫైబరే శ్రేయస్కరం.

వైఫై 6 పేరుతో వస్తున్న రౌటర్లు గాలిలోకి ఎట్టకేలకు నీరటిని తెచ్చాయి: ఓఎఫ్‌డీఎంఏ అనే ఏర్పాటుతో ఒకే ఛానల్‌ను చిన్న మడులుగా విడదీసి, ఏ ఫోన్ ఏ మడిలో ఎంతసేపు పంపాలో రౌటరే నిర్ణయించగలదు. అయితే ఆ మాట వినడం తెలిసిన ఫోన్లకే అది వర్తిస్తుంది. గేటు దగ్గర ఏళ్ల కిందట బిగించిన, 2.4 గిగాహెర్ట్జ్ తప్ప మరొకటి తెలియని నిఘా కెమెరా ఒకటి, మూడు గోడల అవతల నుంచి నిదానంగా, ఆగకుండా, రాత్రంతా తన వీడియోను పంపుతూ ఉంటే, ఎంత కొత్త రౌటరైనా ఆ బ్యాండ్‌లో దాని బంతి ముగిసేదాకా ఆగవలసిందే. అటువంటి కెమెరాల్లో చాలావాటికి వెనకవైపు ల్యాన్ తీగ గుచ్చే చోటు ఉంటుంది, మెట్ల మీదుగా లాగిన తీగను మరి కొన్ని మీటర్లు గేటు దాకా గోడవెంబడి పొడిగిస్తే అందుతుంది.